నలభై ఒక్క పేర్ల ఏరు

అమీర్‌పేట, మూడో అంతస్తు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో 'ఆన్‌సైట్' అంటే, అదే కంపెనీ పని మీద విదేశం పోవడమంటే, అమెరికా. మెట్ల మీద, టీకొట్టు దగ్గర, జిరాక్సు షాపు వరసలో ఎవరికి ఆన్‌సైట్ వచ్చిందని విన్నా ఏ ఊరని అడిగేవారే కానీ ఏ దేశమని ఎవరూ అడిగేవారు కాదు. మా ఆఫీసులో మొదటిసారి ఆ అదృష్టం నాకూ జరీనా ఆపాకూ పట్టింది. ఎక్కడికని అడిగినవాళ్ళకు, ఆర్కిటిక్ వలయం దాటాక ఒక ఏటి ఒడ్డుకని చెప్పాం. నవ్వి, మళ్ళీ ఎక్కడికని అడిగారు.

మాది పటాలు గీసే ఆఫీసు. ఇతర దేశాల పాత కాగితపు పటాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. కాగితం బొమ్మను తెర మీద పరిచి, రోడ్లనూ కొండలనూ నదులనూ మౌసుతో మళ్ళీ గీయాలి. నదులు గీయడం నా పని. నేను గీసినవాటిలో తప్పులు పట్టడం జరీనా ఆపా పని. ఆపా ఎర్రమంజిల్లో ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగింది. నాకంటే పదేళ్ళు పెద్ద, ఆఫీసులో అందరికీ ఆపాయే, అంటే అక్క. నాది కోనసీమ. యూసుఫ్‌గూడలో అద్దెగది. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగింది కానీ, మా వీధి చివర శాఖా గ్రంథాలయంలో భూగోళం అల్మరా మొత్తం రెండుసార్లు చదివాను. అట్లాసు చూడకుండా సైబీరియా నదులను పడమర నుంచి తూర్పుకు వరసగా చెప్పగలను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే నన్ను ఇరికించింది కూడా.

ఫిన్లాండు ఉత్తర కొసన దెయత్ను అనే పెద్ద నది ఉంది. అక్కడి ఆదివాసులైన సామి ప్రజలు దాన్ని దెయత్ను అంటారు, ఫిన్నులు తేనో అంటారు, నార్వేవాళ్ళు తానా అంటారు. మూడు భాషలు, ఒకే నది. ఇది గ్రంథాలయంలో చదివిందే. ఆ నదిలో కలిసే ఒక ఉపనది పటం మా దగ్గరకు వచ్చింది. దాని పేరు లువొస్సయొహ్క, అంటే సాల్మన్ చేపల ఏరు. పటంతో పాటు ఒక చేతిరాత కాగితం కూడా వచ్చింది. అందులో, పటంలో ఉన్నంత మేర, ఆ ఒక్క ఏటి పొడవునా నలభై ఒక్క పేర్లు ఉన్నాయి. మా ఆఫీసులో నది అంటే ఒక గీత, గీతకు ఒక పేరు. గీత మధ్యలో తెగితే తప్పు. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి రాజమండ్రిలోనూ గోదావరే కదా. ఈ నలభై ఒకటీ రకరకాల భాషల్లో ఒకే ఏటి పేర్లు అయి ఉంటాయని తీర్మానించి, మొదటిది ఉంచి మిగతా నలభై కొట్టేశాను. కాగితం మడత మీద సిరా చెదిరిపోయి ఏడు పేర్లు చదవడానికే రాలేదు. అలాంటప్పుడు పటం పంపినవాళ్ళకు ప్రశ్నల చీటీ రాసి పంపాలి. ఎటూ కొట్టేసేవే కదా అని నేను పంపలేదు. ఆపా పాస్ చేసింది.

కొన్ని నెలలకు ఆ ఏటి ఒడ్డు ఊరి నుంచి ఒక వాక్యం తిరిగి వచ్చింది. ఈ పటంలో మా ఏరు లేదు, అని.

ఆ పేర్లు ఒకదానికి ఒకటి మారుపేర్లు కావు. ఒక్కొక్కటి ఏటిలో ఒక్కొక్క ముక్కది. వాటిని ఎల్లె అనే ముసలావిడ చెబుతుంటే ఊరి బడిమాస్టారు కాగితం మీద రాశాడు. నేను చీటీ పంపి ఉంటే జవాబు చెప్పడానికి అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఆ చలికాలం పోయాడు. చదవగలిగిన ముప్పై నాలుగు పేర్లు మేము తిరిగి ఎక్కించాం. మిగిలిన ఏడూ ఇప్పుడు ఎల్లె తలలో తప్ప ఎక్కడా లేవు. ఆమెకు ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది. జూన్‌లో ఒక శుక్రవారం ఊరి పెద్దలు కూడి పటం మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాత అది అచ్చుకు పోతుంది. మళ్ళీ అచ్చు వేయడం ఎప్పుడో, అప్పటికి ఆమె ఉంటుందో లేదో.

పని ముగింపులో ఇద్దరు వచ్చి సరిచూసి పోవాలని ఒప్పందంలో ఉంది. ఎవరు కొట్టేశారో, ఎవరు పాస్ చేశారో వాళ్ళే రావాలని అక్కడి పటాల ఇంజనీరు రాశాడు.

పంజాగుట్టలో స్వెట్టర్లు

పంజాగుట్ట చౌరస్తాలో తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటున్న మధ్యాహ్నం పూట, ఒక బట్టల షాపులో ఉన్నికోట్లు అడిగాం. షాపతను అటక మీంచి మూట దించుతూ, మనాలి పోతున్నారా అని అడిగాడు.

"ఇంకా జర పైకి అన్నా," అంది ఆపా. "సముద్రం గడ్డకట్టే కాడికి."

"ఆడ ఏముంటది మేడమ్?"

"పేర్లుంటయ్."

అతను కోటు దులపడం ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. పేర్ల కోసం గంత దూరం పోయేటోళ్ళను ఇప్పుడే చూస్తున్నా అని, ఎనిమిది వందల కోటును బేరం లేకుండా ఏడు వందలకు ఇచ్చాడు. బేరం ఆడే అవకాశం పోయినందుకు ఆపా ఆటోలో ఇంటిదాకా బాధపడింది.

రొవానియెమి నుంచి పైకి

ఆర్కిటిక్ వలయం రొవానియెమి ఊరికి కాస్త పైన ఉంది. అక్కడ బస్సు దాటుతుంటే నేను లేచి నిలబడ్డాను. అట్లాసులో చుక్కల గీతగా ఎన్నిసార్లు వేలితో తడిమానో దాన్ని. కిటికీలోంచి చూస్తే పైను చెట్లూ ఒక పెట్రోలు బంకూ కనిపించాయి. డ్రైవరు అద్దంలోంచి చూసి, కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

బస్సులో ఇరవై మంది దాకా ఉన్నారు. ఐదు గంటల దారిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. పక్క సీట్లో పెద్దాయనకు ఆపా బిస్కెట్లు ఇవ్వబోతే, ఆయన భయపడినట్టు చూసి, ఒకటి తీసుకుని, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మన బస్సుల గిట్ల గమ్మున కూసుంటే పానం బాగలేదా అని అడుగుతరు అంది ఆపా. ఆయన దిగిపోయేటప్పుడు మాత్రం మా సీటు దగ్గర ఆగి, ఏమీ అనకుండా మా ఇద్దరి ఒళ్ళోనూ చెరొక చాక్లెట్టు పెట్టి పోయాడు.

పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివైపోయాయి. ముందు పైను పోయింది, తర్వాత నడుము ఎత్తు బర్చి చెట్లు మిగిలాయి. రోడ్డుకు అడ్డంగా రెయిన్‌డీర్లు నిలబడి ఉంటే బస్సు హారను కొట్టకుండా ఆగింది. యూసుఫ్‌గూడలో బర్రెలకు కూడా ఇంత మర్యాద లేదు. దారిలో ఆగిన చోట కప్పు కాఫీకి రెండు యూరోలు తీసుకున్నారు. అంటే నూరు రూపాయల పైమాటే. ఆ కాఫీ మేము చల్లారిపోయేదాకా తాగాం.

మన నదులు చాలావరకు తూర్పుకు పోతాయి. ఇక్కడివి ఉత్తరానికి, మంచు సముద్రానికి పోతాయి. ఎగువన మంచు ముందు కరుగుతుంది, దిగువన గడ్డ ఇంకా అలాగే ఉంటుంది. అందుకే ఉత్తరపు నదులకు వసంతంలో వరద వస్తుంది. ఇదంతా నేను ఆపాకు బస్సులో వివరించాను. ఆపా నిద్రపోయింది.

ఎల్లె వంటింట్లో

సోమవారం సాయంత్రానికి ఊరు చేరాం. ఊరంటే ఒక బడి, ఒక దుకాణం, ఏటి పొడవునా విసిరేసినట్టు పాతిక ఇళ్ళు. జూన్ నెల కాబట్టి సూర్యుడు అస్తమించడం లేదు, ఆకాశం అంచున పక్కకు జరుగుతూ ఉన్నాడు. పొద్దు గుంకగానే చదవాల్సిన మగ్రిబ్ నమాజు ఇక్కడ ఎప్పుడు చదవాలని ఆపాకు హైదరాబాదులోనే బెంగ పట్టుకుంది. మక్కా వేళలు పాటించమని వాళ్ళ మసీదు పెద్దాయన చెప్పాడట. చేతికి రెండు గడియారాలు కట్టుకుని వచ్చింది. ఎల్లెకు చూపు లేకపోయినా ఆ రెండు టిక్‌టిక్‌లూ వినిపించి, ఒకటి ఎవరికని అడిగింది.

ఆమె పొట్టి మనిషి. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. చెల్లెలి కొడుకు యొవ్నా వేసవికి వచ్చి తోడుగా ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఫిన్లాండు దక్షిణాన ఒక నగరంలో కంప్యూటరు ఉద్యోగం. ఎల్లె మాటలను అతనే మాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నాకు భాష వచ్చు కానీ ఏరు రాదు, పెద్దమ్మ చెప్పేది మాటకు మాట అప్పజెబుతాను, అంతకు మించి నన్ను అడగొద్దు అని మొదటే చెప్పేశాడు. పన్నెండేళ్ళప్పుడు హాస్టలుకు పోయినవాడు, తర్వాత సెలవులకు తప్ప రాలేదట.

సాల్మన్ చేప, బంగాళాదుంప, పాలు పోసి కాచిన పులుసు పెట్టింది. ఉప్పు తప్ప ఏమీ లేదు. మొదటి చెంచాకు మొహాలు చూసుకున్నాం, మూడో చెంచాకు మాటలు మానేశాం. ఈ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే ఎదురీదుతూ వస్తుందని యొవ్నా చెప్పాడు. మా గోదావరిలో పులస కూడా వరదకు సముద్రం నుంచి అలాగే ఎదురెక్కుతుందని నేను చెప్పాను. ఎల్లె ఆ పేరు మూడుసార్లు అనిపించుకుని, ఎంత బరువుంటుందని అడిగింది. తర్వాత కాఫీ వచ్చింది. కప్పులో జున్నులాంటి ముక్కలు వేసి వేడి కాఫీ పోస్తారు. తాగాక అడుగున మెత్తబడ్డ ముక్కలను చెంచాతో తినాలి. ఆపాకు అది తెగ నచ్చింది.

మాటల్లో ఆపా, మీకు రెయిన్‌డీర్లు ఎన్ని ఉన్నాయని అడిగింది. యొవ్నా గొంతు సవరించుకుని, ఆ ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగరు, బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టు అన్నాడు. అమీర్‌పేటలో పేరు కంటే ముందు ప్యాకేజీ ఎంతని అడుగుతారని నేను చెబితే ఎల్లె చాలాసేపు నవ్వింది. ఆ నవ్వుతో నాకు కొంత ధైర్యం వచ్చి, కొట్టేసింది నేనేనని చెప్పాను. ఆమె నవ్వడం ఆపింది. కోపం తెచ్చుకోలేదు. ఎందుకు కొట్టేశావని అడిగింది. ఏటికి ఒకటే పేరుంటుందని అనుకున్నానన్నాను.

"నువ్వు ఏటి దగ్గర పుట్టలేదా?" అని అడిగింది.

కోనసీమ పిల్లను నేను. మా ఊళ్ళో గోదావరిని ఎవరూ గోదావరి అనరు. గౌతమి అంటాం, వసిష్ఠ అంటాం, వైనతేయ అంటాం. ఫలానా రేవు, ఫలానా మడుగు, ఫలానా లంక అంటాం. చిన్నప్పుడు నోటితో పలికినవన్నీ గ్రంథాలయంలో చదివిన ఒక్క పేరు కింద పూడ్చిపెట్టాను.

మంగళవారం ఇంజనీరు పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎల్లె చూపుడువేలు పట్టుకుని ఏటి గీత మీద పెట్టి, మడతలో పేర్లు పోయిన చోట ఆపి, ఇక్కడేమంటారని అడిగాడు. ఆమె వేలు వెనక్కి లాక్కుంది. "ఇది ఏరు కాదు. నేనెప్పుడూ ఆ ఎత్తు నుంచి చూడలేదు," అంది. సాయంత్రం దాకా అడిగాం. ఒక్క పేరూ రాలేదు. పోయేటప్పుడు ఇంజనీరు, ఏడు చోట్లా ఖాళీ వదిలి పంపేద్దామని మెల్లగా అన్నాడు. ఎల్లెకు ఇంగ్లీషు రాదు కానీ ఆ గొంతు అర్థమైంది. కప్పులు తనే కడుక్కుంటానని మమ్మల్ని పంపేసింది.

ఒడ్డు మీది పడవ

బుధవారం పొద్దున ఆపా తలకు నూనె రాసుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పద్మా, మన బస్సు కండక్టర్‌ని ఇంట్ల కూసోవెట్టి, యూసుఫ్‌గూడ నుంచి ఏడో స్టాపేందని అడుగు. చెప్తడా?"

"చెప్పలేడేమో."

"బస్సెక్కియ్యి. కండ్లు మూసుకోని ఎర్రమంజిల్ దాంక చెప్తడు. గీమెను సుత బస్సెక్కియ్యాలె."

కానీ ఏరు నిండుగా ఉంది. మంచు కరిగిన నీళ్ళు ఒడ్డు దాకా వచ్చి రాళ్ళ మీద ఉరుకుతున్నాయి. ఆ తుంటితో పెద్దమ్మను పడవెక్కించే ప్రసక్తి లేదని యొవ్నా ఖండితంగా చెప్పాడు. అయితే నీళ్ళు వద్దు, పడవ ఒక్కటి చాలదా అని ఆపా అడిగింది. అతనికి అర్థం కాలేదు. ఎల్లెకు చెప్పాక ఆమెకు అర్థమైంది. కర్ర అందుకుని తనే బయటికి నడిచింది.

అక్కడి పడవలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఎగువకు పోవాలంటే వెనక నిలబడి గడతో నేలను తోస్తారు. ఎల్లె పడవ ఇంటి పక్కన గడ్డిలో ఉంది. దాని ముక్కు ఎగువకు తిప్పి, ఆమెను వెనక చెక్క మీద కూర్చోబెట్టి చేతికి గడ ఇచ్చాం. యొవ్నా ముందు కూర్చున్నాడు. మధ్యలో ఆపా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దోమలు కొట్టుకుంటూ కూర్చుంది. నేను గడ్డిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆ దోమల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

ఎల్లె గడతో గులకరాళ్ళను ఒక్కసారి తోసి, ఏరు దెయత్నులో కలిసే చోటి పేరు చెప్పింది. మళ్ళీ తోసింది, రెండో పేరు చెప్పింది. యొవ్నా ఇంగ్లీషులో అర్థం చెప్పబోతే గడతో అతని వీపు మీద తట్టింది. ముందు పేరు నోటితో అను, అర్థం తర్వాత అని. అక్కడినుంచి ఆమె అంటే అతను అన్నాడు. నేను ఒక్కొక్కటీ రాశాను. గువొయ్క అంటే రాళ్ళ మీద నీరు ఉరికే చోటు. సవు అంటే ఆ తర్వాత నీరు నిదానించి నడిచే చోటు, మన మడుగులాంటిది. వలలు ఆరేసే ఒడ్డు. దూడ తిరిగి వచ్చిన రేవు. భుజాలకు విశ్రాంతి. ఎన్ని తోపులకు ఏ పేరు వస్తుందో, ఎండ ఏ చెంప మీద పడుతుందో కూడా చెబుతోంది. తర్వాత, మడతలో పేర్లు పోయిన చోటు వచ్చింది. ఆమె ఆగను కూడా లేదు. నిన్న రోజంతా రాని పేర్లు ఒకటి, రెండు, మూడు, అలా ఆరు వచ్చాయి.

ఏడోది రాలేదు.

వెనక్కి వెళ్ళి వలల ఒడ్డు నుంచి మళ్ళీ ఎక్కింది. అక్కడికే వచ్చి ఆగింది. మూడోసారీ అంతే. గడ ఒళ్ళో పెట్టుకుని, అక్కడ ఒక రాయి ఉందని తెలుసు, పేరు మాత్రం నోట్లోకి రావడం లేదంది. యొవ్నా ఇక చాలు, ఆరు దొరికాయి కదా అన్నాడు. ఆమె అతని మాట వినిపించుకోకుండా ముఖం పక్కకు తిప్పి కాసేపు ఏరు వింది. తర్వాత చెప్పింది, ఎక్కేటప్పుడు ఆ రాయి కనపడదు, దిగేటప్పుడే కనపడుతుంది అని.

అందరం దిగి పడవను తిప్పాం. చూడటానికి సన్నగా ఉన్నా బరువైన పడవ. నేనూ ఆపా ఒక పక్క, యొవ్నా ఒక పక్క. ఆపా చెప్పు తెగింది. ముక్కు దిగువకు తిరిగాక ఎల్లెను మళ్ళీ కూర్చోబెట్టాం. ఈసారి పేర్లు వెనక నుంచి ముందుకు వచ్చాయి. నాలుగో పేరు కాగానే ఆమె గడను ఒక్కసారిగా కుడివైపు ఆనించి, ఒళ్ళంతా ఎడమకు వాల్చి ఆ పేరు చెప్పింది. యొవ్నా తిరిగి అన్నాడు. అర్థం చెప్పమంటే, ఎడమచేతి ఉరవడి అన్నాడు.

ఆ పూట కాఫీలో జున్నుముక్కలు ఎక్కువ పడ్డాయి.

నీళ్ళ మీద

పేర్లు వచ్చాయి కానీ పటం మీద ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. గురువారం యొవ్నా మోటారు పడవలో మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. లైఫ్ జాకెట్టు వేసుకున్న ఆపా ఖురాన్ ఆయతులు చదువుకుంటూ రెండు చేతులతో చెక్కను పట్టుకుంది. ఎల్లె ఒడ్డు మీద కుర్చీలో కూర్చుని మోటారు శబ్దం వింటోంది.

ఎగువకు పోతూ ఆరు చోట్లా గుర్తులు పెట్టుకున్నాం. ఒక్కొక్క చోటికి రాగానే పేరు దానంతట అదే తెలిసిపోయింది. భుజాలకు విశ్రాంతి అన్నచోట నీరు అద్దంలా ఉంది. తిరిగి దిగుతుండగా నీటి అడుగున ఏదో తగిలి మోటారు ఆగిపోయింది. పడవ అడ్డం తిరగబోయింది. ఎదురుగా మలుపు, మలుపు మధ్యలో ఇల్లంత రాయి. వచ్చేటప్పుడు మేము దాన్ని చూడనే లేదు. యొవ్నా గడ తీసుకుని లేచి నిలబడ్డాడు. ఏ పక్కకు తోయాలో తెలియక అతని చెయ్యి గాల్లో ఆగడం నేను చూశాను. తర్వాత పెదవులు కదిలాయి. నిన్న గడ్డిలో కూర్చుని అప్పజెప్పిన ఆ మాట తనలో తనే అనుకుని, గడను కుడికి ఆనించి ఎడమకు వాలాడు. రాయి మా మోచేతుల పక్క నుంచి పోయింది. కుడిపక్కకు చూస్తే అక్కడ నీరు తెల్లగా గుంటలోకి పడుతోంది.

నిదానపు నీళ్ళలోకి వచ్చాక ఆపా అంది, "గీ పేరు కొట్టేసింది నువ్వా, నేనా?"

"కొట్టేసింది నేను. పాస్ చేసింది నువ్వు."

"మంచిగ మునుగుతుంటిమి, మనం రాసుకున్న పటం మీదనే."

ఆ సాయంత్రం బడిలో కంప్యూటరు ముందు కూర్చుని, నేను అందంగా ఒక్కటిగా గీసిన ఏటి గీతను నలభై చోట్ల తెంచాను. తెగిన గీతలను పట్టుకోవడమే పదేళ్ళ వృత్తిగా బతికిన ఆపా పక్కనే కూర్చుని, ఈడ కొయ్యి, ఇంకా జర కిందకు కొయ్యి అని చెప్పింది. ఇంజనీరు ఆశ్చర్యంగా చూస్తూ, ఇన్ని ముక్కలు పట్టేలా నియమం మార్చాలంటే పై వాళ్ళకు రాయాలన్నాడు. రాయండన్నాం. రాశాడు.

శుక్రవారం, బడి హాలు

బడిలో పెద్ద ప్రింటరు లేదు. పటాన్ని పన్నెండు చిన్న కాగితాల మీద అచ్చువేసి, టేపుతో అతికించి గోడకు తగిలించాం. ముప్పై మంది దాకా వచ్చారు. వీళ్ళు కూడా మాట్లాడుకోరు. వచ్చిన ప్రతివాళ్ళూ పటం దగ్గరకు పోయి, తమ ఇంటి ముందు నీటి పేరు వేలితో వెతుక్కుని, కనపడగానే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఒకాయన మాత్రం అక్కడే నిలబడి ఒక పేరును వేలితో కాస్త కిందకు జరిపినట్టు చూపించాడు. మలుపు ఇవతలికి రావాలట. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. పెద్దలు ఒక్కొక్కరూ సంతకాలు చేశారు. ఎల్లె చేయలేదు. నాకు కనపడదు, చదివి వినిపించండి అంది. ఆమె ఒప్పుకోకపోతే మిగతావాళ్ళ సంతకాలు చెల్లవని ఎవరూ అనలేదు కానీ అందరికీ తెలుసు.

యొవ్నా పటం ముందు నిలబడి కింది నుంచి చదవడం మొదలుపెట్టాడు. మొదట నత్తినత్తిగా, కాగితంలో ప్రతి అక్షరం చూసుకుంటూ చదివాడు. ఎల్లె రెండుచోట్ల పలుకు సరిదిద్దింది. వలల ఒడ్డు దాటాక అతని గొంతు తేలికపడింది. ఎడమచేతి ఉరవడి దగ్గర ఒక్క క్షణం ఆగి మా వైపు చూశాడు. ఆపా తల ఊపింది. నలభై ఒకటో పేరు దగ్గర పటం అయిపోయింది. అక్కడ నల్లటి అంచుగీత ఉంది, దాని అవతల గోడే.

అతను ఆగలేదు. గోడ వైపే చూస్తూ, ఏ కాగితంలోనూ లేని, బుధవారం పడవలోనూ రాని ఇంకొక పేరు చెప్పాడు. హాస్టలుకు పోకముందు విన్నదై ఉండాలి. హాల్లో కుర్చీ కిర్రుమంది. తర్వాత మరొకటి చెప్పాడు. ఇంజనీరు తన కాగితాలు తిరగేసుకుని, ఇది ఏటికి ఎగువన ఉన్న షీటులోది, ఆ షీటు మన పనిలో లేదు అని నా చెవిలో అన్నాడు. నేను పటం దగ్గరకు పోయి ఆ రెండు పేర్లనూ అంచుగీత అవతల తెల్లటి చోట పెన్సిలుతో, విన్నట్టుగా తెలుగులో రాసుకున్నాను.

మూడోది అతనికి రాలేదు. ఎల్లెకు తెలుసు, ఆమె ముఖంలోనే తెలుస్తోంది. అయినా అందివ్వలేదు. అతను ఇటు తిరిగి నాకు రాదని అంటాడని, అంతటితో అయిపోతుందని అనుకున్నాను. అనలేదు. నాలుగు పేర్లు వెనక్కి వెళ్ళి, చేతులు గడ పట్టినట్టు బిగించి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక పేరు, ఒక తోపు. ఇంకొక పేరు, ఇంకొక తోపు. అంచుగీత దాటాడు. మొదటిది, రెండోది. మూడో తోపుకు ఆ పేరు వచ్చింది.

అప్పుడు ఎల్లె కలం అడిగింది.